కొత్త వంటగది అమరిక: ఖర్చులు, ఇబ్బందులపై నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వంటగదిని ఊడగొట్టి కొత్తగా అమర్చుకోవాలనుకునేవారికీ, ఇల్లు కట్టడం పూర్తయి వంటగది పని మాత్రం మిగిలినవారికీ ఉపయోగపడేలా ఈ సమాధానాలు రాశాము. ఇక్కడ చెప్పిన ధరలు మధ్యతరగతి ఇళ్లలో సాధారణంగా వాడే సామాన్లను దృష్టిలో పెట్టుకుని వేసిన అంచనాలు. కంపెనీని బట్టి, ఊరిని బట్టి అవి కొంత అటూఇటూ అవుతాయి.

పది అడుగులకు ఎనిమిది అడుగుల వంటగదికి మొత్తం ఎంత పెట్టుకోవాలి?

చెక్కపని ఒక్కటే లెక్క వేసుకుని బయలుదేరిన కుటుంబాలే మధ్యలో ఇబ్బంది పడుతుంటాయి. అందుకే ముందు చెక్కపని లెక్క చూసి, తరువాత మిగిలినవి కలుపుకుందాం. గట్టు పొడవు రెండు గోడల మీద కలిపి 14 అడుగులు అనుకుంటే, గట్టు కింది అరల ముఖభాగం సుమారు రెండు ముప్పావు అడుగుల ఎత్తుతో 38.5 చదరపు అడుగులు వస్తుంది. పై అరలు 10 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తుతో 20 చదరపు అడుగులు, సజ్జకు తలుపులు పెడితే మరో 20 చదరపు అడుగులు, వెరసి 78.5 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 1,500 రూపాయల చొప్పున 1,17,750 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 21,195 రూపాయలు కలిపితే 1,38,945 రూపాయలు అవుతుంది.

ఇది సగం లెక్క మాత్రమే. స్టీలు బాస్కెట్లు, మెల్లగా మూసుకునే సొరుగులు, పప్పుదినుసుల కోసం నిలువుగా బయటకు లాగే అరలు తీసుకుంటే 30 వేల నుంచి 60 వేల రూపాయల దాకా అదనం. గ్రానైటు, దాని కోత, గోడకు టైల్సు, సింకు, కుళాయిలు, చిమ్నీ, పొయ్యి, కరెంటు పని, నీళ్ల పైపుల పని, పాత గట్టును పగలగొట్టి చెత్తను ట్రాక్టరుకు ఎత్తించడం అన్నీ వేరే. ఇవన్నీ కలిపితే ఇదే కొలత వంటగదికి రెండున్నర లక్షల నుంచి మూడున్నర లక్షల రూపాయల వరకు చేరడం మామూలే. అంచనాకు పైన పదిహేను శాతం విడిగా ఉంచుకోండి. పాత గోడ తెరిచాక తుప్పుపట్టిన ఇనుప పైపు బయటపడితే దాన్ని మార్చక తప్పదు, అది ఏ అంచనా కాగితంలోనూ ముందుగా ఉండదు.

ఒకరు చదరపు అడుగుకు 400 అంటున్నారు, ఇంకొకరు 1,500 అంటున్నారు. ఇంత తేడా ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీన్ని ఓపికగా చదవమని కోరుతున్నాము. చదరపు అడుగు అనే మాట ఇద్దరూ వాడుతున్నా, ఇద్దరూ కొలిచేది ఒకటి కాదు. 1,500 చెప్పినవారు సాధారణంగా ముఖభాగాన్ని, అంటే ఎదుట నిలబడితే కనిపించే తలుపుల వైశాల్యాన్ని మాత్రమే కొలుస్తారు. లోపలి పెట్టె, అర, వెనుక పలక అన్నీ ఆ రేటులోనే కలిసి ఉంటాయి. 400 చెప్పినవారు వాడిన ప్రతి పలకనూ విడివిడిగా కొలుస్తారు.

రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు, రెండు ముప్పావు అడుగుల ఎత్తు ఉన్న ఒక్క పెట్టెను తీసుకోండి. దాని ముఖభాగం 5.5 చదరపు అడుగులు. 1,500 చొప్పున 8,250 రూపాయలు అవుతుంది. అదే పెట్టెను రెండో పద్ధతిలో కొలిస్తే రెండు పక్కలు కలిపి 11, కింది పలక 4, వెనుక పలక 5.5, మధ్య అర 4, తలుపు 5.5, మొత్తం 30 చదరపు అడుగులు అవుతుంది. 400 చొప్పున 12,000 రూపాయలు. తక్కువ అనిపించిన రేటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువైంది.

మూడో పద్ధతి కూడా ఉంది. గట్టు పొడవును రన్నింగు అడుగుల్లో కొలిచి, అడుగుకు ఇంత అని చెబుతారు. ఏ పద్ధతినీ తప్పు పట్టనక్కర్లేదు. అయితే మొదటి మాటలోనే "మీరు కొలిచేది ముఖభాగమా, ప్రతి పలకా, రన్నింగు అడుగా?" అని అడిగి, సమాధానాన్ని కాగితం మీద రాయించుకోవాలి. మరొక మంచి పద్ధతి ఏమిటంటే, మీ వంటగది బొమ్మను ఒకే కాగితం మీద గీయించి, అదే బొమ్మకు ముగ్గురి దగ్గర మొత్తం ధర అడగడం. రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా మొత్తాలను పోల్చడమే క్షేమం. సామగ్రి మీది, కూలి మాత్రం వారిది అనే ఒప్పందమైతే ప్లైవుడ్డు షీట్ల లెక్కను ముందే అడగండి. ఒక షీటు ఎనిమిది అడుగులకు నాలుగు అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. కోతలో కొంత వృథా పోవడం సహజమే గాని, మిగిలిన ముక్కలు ఎవరివో కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఇంటి దగ్గర వడ్రంగి చేత చేయించడం మేలా, ఫ్యాక్టరీలో చేసిన మాడ్యులర్ కిచెన్ మేలా?

ఫ్యాక్టరీలో పలక అంచులకు యంత్రం మీద వేడి జిగురుతో పట్టీ అతికిస్తారు. అది సరిగ్గా అతుక్కుంటే తేమ లోపలికి పోదు. ఇంటి దగ్గర చేతితో అతికించిన పట్టీ పొయ్యి పక్కన, సింకు పక్కన ముందుగా లేస్తుంది. ఫ్యాక్టరీ పెట్టెలు రెండు నుంచి నాలుగు రోజుల్లో బిగించడం పూర్తవుతుంది, అయితే కొలతలు తీసుకున్న నాటి నుంచి సామాను వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

వడ్రంగి పనిలో ఇంకో రకమైన లాభం ఉంది. పాత ఇళ్లలో గోడలు నిటారుగా ఉండవు, మూలలు తొంభై డిగ్రీలు తిరగవు. అటువంటి చోట ఎదుట ఉండి కోసి అమర్చే మనిషి పనే గోడకు అతికినట్టు కుదురుతుంది. పైగా వాడుతున్న ప్లైవుడ్డు ఏదో మీ కళ్ల ముందే తెలుస్తుంది. ఇరవై ఏళ్ల పైబడిన సొంత ఇంటికి మంచి వడ్రంగి దొరికితే ఆయనకే అప్పగించడం, కొత్త అపార్టుమెంటుకు ఫ్యాక్టరీ పని తీసుకోవడం మా సలహా.

ఏ పలక వాడాలి? పేర్లు వింటుంటే అయోమయంగా ఉంది.

నీళ్లు తగిలే కింది అరలకు బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీటిని కూడా తట్టుకునే రకం ప్లైవుడ్డు వాడాలి. ఈ రకానికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. ఈ పరీక్షలో ముక్కను 72 గంటల పాటు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు. ఎంఆర్ అనే రకాన్ని కమర్షియల్ ప్లైవుడ్డు అని అమ్ముతారు. అది తేమను కొంతవరకే తట్టుకుంటుంది కాబట్టి పడకగది బీరువాలకు సరిపోతుందే తప్ప సింకు దరిదాపుల్లో పనికిరాదు. పై అరలకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలకలు, అంటే చెక్కపీచును గట్టిగా అదిమి తేమను తట్టుకునేలా చేసినవి వాడవచ్చు, తలుపులు వంగకుండా నునుపుగా వస్తాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చిందంటే ఉబ్బిపోతుంది, మళ్లీ పాత రూపానికి రాదు. ఎంత చవకగా వచ్చినా గట్టు కింద దాన్ని పెట్టవద్దు.

పలక మీద ముద్ర ఉంటే చాలనుకోకుండా, ఐ.ఎస్.ఐ. గుర్తు కింద ఉండే లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఆ లైసెన్సు ఇచ్చారో అక్కడే కనిపిస్తుంది. ఈ పనిని షాపులోనే, డబ్బు కట్టకముందే చేయాలి.

సింకు కింద చెక్క నాలుగేళ్లకే పాడవుతోంది, చెదలు కూడా పడుతున్నాయి. వేరే దారి లేదా?

ఉంది, అదీ మన ప్రాంతంలో ఎప్పటి నుంచో అలవాటైన దారే. గట్టు కింద అడ్డగోడలుగా, అరలుగా నల్ల కడప బండలు నిలబెట్టి, వాటికి ముందు చట్రం బిగించి తలుపులు మాత్రం చెక్కతోనో అల్యూమినియంతోనో పెట్టుకోవడం. రాతికి చెద పట్టదు, నీళ్లు కారినా ఉబ్బదు, బియ్యం బస్తా దింపినా, పచ్చడి జాడీలు వరుసగా పెట్టినా కుంగదు. మాడ్యులర్ అనే మాట వచ్చాక ఈ పద్ధతిని పాతదిగా చూస్తున్నారు గాని, బయటికి కనిపించేవి తలుపులే కాబట్టి అందానికి ఏ లోటూ రాదు. వంటగది మొత్తానికి కాకపోయినా సింకు కింద, సిలిండరు పెట్టే చోట, బియ్యం పెట్టే చోట బండలు వేసి మిగిలినచోట ప్లైవుడ్డు వాడటం అన్నిటికన్నా తెలివైన ఖర్చు అని మా గట్టి నమ్మకం. ఇందులో ఒక్క జాగ్రత్త: బాస్కెట్ల పట్టాలు రాతికి నేరుగా బిగించలేరు కాబట్టి, లాగే సొరుగులు ఎక్కడ కావాలో మేస్త్రికి బండలు నిలబెట్టకముందే చెప్పాలి.

చెక్క అరలు పెట్టేవారు గోడకూ నేలకూ కలిసే మూలల్లో చెదల మందు కొట్టించాలి. కింది పెట్టెలను నేలకు ఆనించకుండా నాలుగు అంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టించాలి.

గ్రానైటు కోసం చీమకుర్తి వెళ్లి తెచ్చుకుంటే లాభమా?

ఒంగోలుకు దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాతికి ప్రపంచంలోనే పేరు పొందిన చోటు. నల్లటి రాతిలో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. ప్రకాశం జిల్లా వారికి అక్కడి పాలిషింగు యూనిట్లకు వెళ్లి పలకను కళ్లారా చూసి ఎంచుకునే వీలుండటం నిజంగా అదృష్టమే. అయితే వంటగట్టుకు కావలసింది ముప్పై, నలభై చదరపు అడుగులే. అంత తక్కువకు పెద్ద పలకను కోయించి ఇవ్వడానికి అందరూ ఒప్పుకోరు. బండి బాడుగ, దారిలో పగిలితే ఎవరిది నష్టం అనే సంగతులు కలిపి చూస్తే ఒంగోలు చుట్టుపక్కల వారికి లాభం, నెల్లూరు వారికి ఇల్లంతటికీ కలిపి కొంటేనే లాభం.

చదరపు అడుగు ధర ఒక్కటే అడిగి వచ్చేయకండి. అంచు గుండ్రంగా తిప్పి పాలిషు పెట్టడానికి రన్నింగు అడుగు లెక్కన, సింకు కోతకూ పొయ్యి కోతకూ ఒక్కోదానికి ఇంత అని విడిగా తీసుకుంటారు. పలక మందం 18 ఎం.ఎం.కు తగ్గకూడదు. కోత దగ్గర పలక సన్నని పట్టీగా మిగులుతుంది కాబట్టి అక్కడ కింద ఆనిక లేకపోతే రోలు పెట్టి దంచినప్పుడు చీలుతుంది. పలకను ఎండలో పక్కకు వంచి చూసి, జుట్టులాంటి సన్నని గీతలు ఉన్నాయేమో గమనించండి.

క్వార్ట్జ్ గట్ల గురించి కూడా అడుగుతుంటారు. వాటిలో రాతిపొడిని రెసిన్ పట్టి ఉంచుతుంది, పొయ్యి మీద నుంచి దించిన కుక్కరును నేరుగా పెడితే మచ్చ పడుతుంది. చేపల పులుసు దాకను దించి గట్టు మీద పెట్టే ఇళ్లకు గ్రానైటే మేలు.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నల్ల గ్రానైటు మీద తెల్ల మరకలు పడతాయా?

పడతాయి. కాఠిన్యం ఎక్కువగా ఉన్న నీళ్లు ఆరినచోట సున్నపు పొర మిగులుతుంది, నల్లటి రాతి మీద, నల్లటి సింకు మీద అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మరక పోవడానికి యాసిడ్ వాడితే రాతి మెరుపు పోతుంది. బోరు నీళ్ల మీదే ఆధారపడ్డ ఇంట్లో సింకు ఉన్న గట్టుకు లేత బూడిద రంగు లేదా గోధుమ రంగు రాయి పెట్టుకుని, నల్లరాయిని పొయ్యి వైపు మాత్రమే వాడటం బాగుంటుంది. కుళాయి చివర జల్లెడను నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టండి.

కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు లేనిచోట కూడా 1.5 దాటకూడదు అని మన ప్రమాణం. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. అక్కడి ఇళ్లలో ఆర్వో యంత్రాన్ని తరువాత ఎప్పుడో గోడకు తగిలించే వస్తువుగా చూడకుండా, దానికి నీటి కుళాయి, కరెంటు ప్లగ్గు, వదిలేసే నీటి గొట్టం మూడింటినీ మొదటే ఏర్పాటు చేయించాలి. ఆ గొట్టాన్ని సింకులోకి పంపకుండా పెరట్లో తొట్టికి పంపితే గిన్నెలు కడగడానికో, నేల తుడవడానికో పనికొస్తుంది.

స్టీలు బాస్కెట్లు తుప్పు పడుతున్నాయి. మంచి స్టీలును ఎలా గుర్తించాలి?

మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఊళ్లలోనూ, గాలిలో ఉప్పు తగిలే దగ్గరి ప్రాంతాల్లోనూ ఇది నిత్యం వినే ఫిర్యాదు. తుప్పుకు తట్టుకునేది 304 రకం స్టీలు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తక్కువ, ఉప్పుగాలికి తొందరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని షాపుల్లో చూపించే పరీక్షను నమ్మవద్దు. 202 రకానికి కూడా మామూలుగా అయస్కాంతం అంటదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మీకు రక్ష. ఇనుప తీగ మీద క్రోమియం పూత వేసిన బాస్కెట్లు చూడటానికి అచ్చం ఇలాగే మెరుస్తాయి, కాబట్టి ధరలో పెద్ద తేడా కనిపిస్తే కారణం అడగండి.

వాస్తు ప్రకారం సింకును, పొయ్యిని వేరే వైపుకు మార్చాలంటే ఎంత పని పెరుగుతుంది?

పొయ్యి మార్చడం తేలిక. ఆగ్నేయ మూల తూర్పు ముఖంగా నిలబడి వండేలా మార్చాలంటే గట్టు, చిమ్నీ గొట్టం, ఒక ప్లగ్గు మారితే సరిపోతుంది. సింకు మార్చడమే బరువైన పని. మురుగునీటి గొట్టం నిరంతరం వాలుగా పోవాలి, దూరం పెరిగేకొద్దీ వాలు కోసం నేలను లోతుగా తవ్వాలి. వాలు చాలకపోతే నూనె జిడ్డు గొట్టంలో పేరుకుపోయి ఏడాది తిరగకముందే సింకు నిండి నిలబడుతుంది. అందువల్ల వాస్తు చూపించే పని ఉంటే పాత గట్టు పగలగొట్టకముందే చూపించి, మార్పులన్నీ ఒకేసారి నిర్ణయించుకోండి. టైల్సు వేశాక ఇంటికి వచ్చిన పెద్దలు చెప్పారని మళ్లీ తవ్విన ఇళ్లలో ఆ ఒక్క పనికే రెండు పనుల ఖర్చు అవుతుంది.

గొట్టాలు వేశాక గోడ మూయకముందు కుళాయిలన్నీ బిగించి కట్టేసి, ఒక రాత్రంతా పైపుల్లో నీళ్లు నిలిపి చూడాలి. తరువాత ఫోనులో ఆ గోడ ఫోటో తీసి పెట్టుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు ఏ గొట్టం ఎక్కడుందో తెలుస్తుంది.

కరెంటు పనిలో ఏవి చూసుకోవాలి?

2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి, ఓవెనుకు, గిన్నెలు కడిగే యంత్రానికి ఒక్కోదానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, మెయిను నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉండాలి. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, ఆర్వో, చిమ్నీ అన్నీ వాటి వాటి చోట్ల రాసుకుని ప్లగ్గులు లెక్క వేయండి. గోడకు గాడి కొట్టేటప్పుడే రెండు అదనంగా పెట్టించుకుంటే వందల్లో పోయే ఖర్చు, తరువాత టైల్సు పగలగొట్టాల్సి వస్తే వేలల్లో అవుతుంది. నీళ్ల దగ్గర పని కాబట్టి కరెంటు కాస్త కారినా వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. కొత్త సామాన్లతో ఇంటి లోడు పెరిగితే తమ కరెంటు పంపిణీ సంస్థకు, అంటే నెల్లూరు జిల్లా వారు ఏపీఎస్పీడీసీఎల్‌కు, ఒంగోలు వారు ఏపీసీపీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు చేసుకోవాలి.

సిలిండరును గట్టు కింద అరలో పెట్టి తలుపు మూయవచ్చా?

పెట్టవచ్చు గాని ఆ అరకు నేల మట్టంలో గాలి పోయే రంధ్రాలు ఉండాలి. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది, కారితే కిందనే పేరుకుంటుంది. రంధ్రాలు పైన పెడితే ప్రయోజనం లేదు. సిలిండరు ఎప్పుడూ నిలువుగా, పొయ్యి కన్నా దిగువన ఉండాలి. ఆ అరలో కరెంటు ప్లగ్గు పెట్టించవద్దు. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి, దాని మీద ముద్రించిన సంవత్సరం చూసుకోండి. గొట్టాన్ని చెక్కకు రంధ్రం చేసి దూరిస్తే అంచుకు రాసుకుని తెగుతుంది, రంధ్రానికి మెత్తటి తొడుగు వేయించాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా తలుపులు తెరిచి 1906కు ఫోను చేయండి.

చిమ్నీ పెట్టినా పోపు ఘాటు ఇల్లంతా వస్తోందని విన్నాము.

చాలాచోట్ల యంత్రంలో లోపం ఉండదు, గొట్టంలో ఉంటుంది. ఆరు అంగుళాల గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా బయటికి పోవాలి. దాన్ని నాలుగు అంగుళాలకు కుదించినా, మూడు చోట్ల వంచినా పొగ లాగదు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య ఎడం 26 నుంచి 30 అంగుళాలు ఉండాలి. చిమ్నీ నడుస్తుండగా ఫ్యాను వేస్తే పొగ చెదిరిపోతుంది.

గట్టు ఎత్తు ఎంత ఉండాలి?

అందరికీ 34 అంగుళాలు అని బిగించేస్తారు. ఆ ఇంట్లో రోజూ వండేవారిని నిలబెట్టి, మోచేయి మడిచినప్పుడు నేల నుంచి ఉన్న ఎత్తులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తగ్గించి పెట్టించండి. నడుము నొప్పి ఉన్న పెద్దమ్మలు, అత్తమ్మలు వండే ఇళ్లలో ఈ కొద్ది అంగుళాల తేడాయే అన్నిటికన్నా విలువైనది.

పని ఎన్నాళ్లు పడుతుంది? అప్పటిదాకా వంట ఎక్కడ?

పాత వంటగది తీసి కొత్తది పెట్టడానికి, ఇంటి దగ్గర చెక్కపని అయితే నెల నుంచి నెలన్నర అనుకోండి. పగలగొట్టడం రెండు రోజులు, పైపులు, కరెంటు నాలుగైదు రోజులు, టైల్సు, గట్టు, అవి ఆరడం కలిపి వారం, చెక్కపని రెండు మూడు వారాలు. మేస్త్రి వచ్చిన రోజు ప్లంబరు రాకపోవడం, ప్లంబరు వచ్చేసరికి సామాను లేకపోవడం వల్లే గడువు సాగుతుంది. కాబట్టి సింకు, కుళాయిలు, పొయ్యి, చిమ్నీ ముందే కొని ఇంట్లో పెట్టుకోవాలి. కోతలన్నీ వాటి కొలతల మీదే ఆధారపడతాయి.

వరండాలోనో పెరట్లోనో ఒక బల్ల, ఒక పొయ్యి, గిన్నెలు కడగడానికి ఒక కుళాయి సిద్ధం చేసుకున్నాకే పగలగొట్టడం మొదలుపెట్టండి. గ్రానైటు కోత దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కోత ఇంటి బయటే జరిపించి, మిగిలిన గదుల తలుపులకు తడి దుప్పట్లు కట్టండి. ఉబ్బసం ఉన్నవారినీ పసిపిల్లలనూ ఆ రెండు రోజులు బంధువుల ఇంటికి పంపడం మంచిది.

ఏ నెలల్లో మొదలుపెడితే మేలు?

మన రెండు జిల్లాలకూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఉంటాయి. ఆ తేమలో చెక్క ఉబ్బుతుంది, పాలిషు ఆరదు, లప్పం పట్టదు. సంక్రాంతికి మేస్త్రీలు ఊళ్లకు వెళతారు, ఉత్తరాది వడ్రంగులు దీపావళికి, హోలీకి వెళతారు. మూఢం, ఆషాఢం పట్టింపు ఉన్నవారికి మరికొన్ని వారాలు తగ్గుతాయి. ఇవన్నీ తీసేస్తే సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, రోహిణి కార్తె ఎండలు రాకముందే ముగించడం వీలైన దారి.

అపార్టుమెంటులో ఉంటే?

అసోసియేషనుకు ముందుగా రాసి ఇచ్చి, పగలగొట్టే పని ఏ వేళల్లో చేయవచ్చో తెలుసుకోండి. స్తంభాలకు, దూలాలకు గాడి కొట్టనివ్వవద్దు. నీళ్ల చోటును కింది వారి పడకగది మీదికి మార్చవద్దు, ఒక్క చుక్క కారినా వారితో ఏళ్ల తరబడి తగవు అవుతుంది.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? ఒప్పందంలో ఏం రాయించాలి?

మొత్తం ఒకేసారి ఇవ్వవద్దు, సగానికి మించి మొదటే ఇవ్వవద్దు. సామాను ఇంటికి చేరాక, చూసుకున్నాక రెండో భాగం, బిగింపు పూర్తయ్యాక మూడో భాగం ఇచ్చి, పదో వంతు మాత్రం నెల రోజులు వాడాక ఇస్తామని ముందే ఒప్పించుకోండి. తలుపు వాలడం, సొరుగు పట్టడం, సింకు కింద చెమ్మ ఆ నెలలోనే బయటపడతాయి.

కాగితంలో కొలిచే పద్ధతి, పలక రకం, మందం, ప్రమాణ సంఖ్య, లామినేటు (పలక మీద అతికించే పైపొర) మందం, కబ్జాలు, పట్టాల కంపెనీ, ఎన్ని బాస్కెట్లో, జీఎస్టీ కలిపా విడిగానా, చెత్త ఎవరు తీస్తారు, ఏ తేదీకి పూర్తవుతుంది అన్నవి ఉండాలి. "మంచి ప్లైవుడ్డు", "బ్రాండెడ్ సామాను" అనే మాటలకు తగవు వచ్చిన రోజున విలువ ఉండదు. బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గుతుందని చెప్పేవారుంటారు. ఆ పద్దెనిమిది శాతం మిగిల్చుకున్నవారి చేతిలో రేపు వారంటీ అడగడానికి ఆధారమేదీ మిగలదు.

డబ్బు తీసుకుని పని మధ్యలో ఆపేస్తే ఏం చేయాలి?

ముందు రాతపూర్వకంగా గడువు ఇవ్వండి, వాట్సాప్ సందేశమైనా తేదీతో ఉంటుంది కాబట్టి ఉపయోగపడుతుంది. ఆగిన పనిని ఇంకొకరి చేత చేయించేలోపు ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు, వీడియో తీసి పెట్టండి. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరులో గాని ఒంగోలులో గాని ఉన్న జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారి వేరే నగరం వాడైనా మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు ఉండదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఒప్పంద కాగితం, బిల్లు, బ్యాంకు లేదా ఫోను ద్వారా కట్టిన డబ్బు వివరాలు జతచేయాలి. నగదు ఇచ్చి ఉంటే సంతకం చేసిన రసీదు కావాలి, అందుకే ప్రతి విడతకూ ఆ రోజే రసీదు తీసుకోండి.